మేస్త్రీ పేరు

“ఈ అలమారాలు చూస్తే పార్థసారథి గారి భార్య ఏమనుకుంటుంది?” అన్నాడు సోమేశ్వరరావు, కాఫీ గ్లాసు కింద పెడుతూ. అవి అలా ఉండటం భార్య నాగేశ్వరి తప్పే అన్నట్టుంది ఆ అడగడం.

కొత్తగూడలో వాళ్ళు కిరాయికి ఉంటున్న ఆ ఇంటిని నిజాం కాలంలో ఎవరో గుమాస్తా కట్టించుకున్నాడట. వంటింటి గోడ పొడవునా టేకు అలమారాలు, వాటికి ఎనిమిది తలుపులు. ఎవరో ఎప్పుడో వాటికి ఆకుపచ్చ రంగు పూశారు. దాని మీద ఏళ్ళ తరబడి తాలింపు జిడ్డూ, బొగ్గుల మసీ పేరుకుని, వేలు పెడితే వేలు అంటుకుపోయేది. ఎన్నిసార్లు తుడిచినా వారం తిరిగేసరికి మళ్ళీ అంతే.

గచ్చిబౌలి వైపు రాళ్ళగుట్టల మధ్య కొత్తగా కడుతున్న సర్కారు సంస్థలో సోమేశ్వరరావుకు ఉద్యోగం. తెనాలి నుంచి భార్యనీ తల్లినీ వెంటబెట్టుకుని వచ్చి రెండేళ్ళయింది. ఇప్పుడు, డెబ్బై ఆరు మార్చిలో, పెద్దాఫీసరు పార్థసారథి గారిని భార్యతో సహా వచ్చే నెల మొదటి ఆదివారం భోజనానికి పిలిచాడు. పెద్ద గుమాస్తా పదవి ఖాళీ అవుతోంది మరి.

“మేస్త్రీని పిలిపిస్తాను. దగ్గరుండి చేయించు. ముగ్గురి వంట తప్ప నీకేం పనుంది?”

నూతి నుంచి నీళ్ళు తోడటం, రుబ్బటం, దంచటం, ఉతకటం, అత్తగారి కాళ్ళకు తైలం పట్టించటం, ఇవన్నీ ఆయన లెక్కలో గాలి వీచటం లాంటివి. వాటంతటవే జరుగుతాయి. పద్నాలుగేళ్ళుగా వింటున్న మాట కాబట్టి నాగేశ్వరికి కోపం కూడా రాలేదు. గ్లాసు తీసుకుని కడగటానికి వెళ్ళింది.

నానక్‌రామ్‌గూడ నుంచి ఐలయ్య మేస్త్రీ వచ్చాడు. వెంట భార్య రుక్కమ్మ, నెత్తిన పనిముట్ల గంప. ఐలయ్య పెరటి గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి దగ్గటం మొదలుపెట్టాడు. రుక్కమ్మ కొంగు బిగించి మడతబందులు ఊడదీసి, తలుపులు ఒక్కొక్కటే మోసుకొచ్చి వేపచెట్టు నీడలో పరిచింది. చాకలి సోడా కలిపిన వేడినీళ్ళతో జిడ్డు కడిగింది. పగిలిన గాజు పెంకు తీసుకుని పచ్చరంగు గీకసాగింది. మధ్యాహ్నమైనా ఐలయ్య గట్టు దిగలేదు.

“మేస్త్రీ పని మొదలుపెట్టడా?” అని అడిగింది నాగేశ్వరి.

రుక్కమ్మ తల ఎత్తకుండానే, “గాయన ఊపిరి పాడై మూడేండ్లాయె అమ్మా. పని నాది, పేరు గాయనది. ఆడమనిషి మేస్త్రీ అంటె ఎవరు పిలుస్తరు? గందుకె తోలుకొచ్చి గిట్ల కూసోబెడ్త,” అంది.

నాగేశ్వరికి నవ్వొచ్చింది. లోపలికి వెళ్ళి బియ్యం కడుగుతుంటే ఆ నవ్వు ఎక్కడో చిక్కుకుని ఆగిపోయింది. ఆఫీసులో సోమేశ్వరరావు దస్తూరికి మంచి పేరు. ఆయన తయారుచేసిన నివేదికలు అచ్చువేసినట్టుంటాయని పైవాళ్ళు మెచ్చుకుంటారు. ఆ చిత్తుప్రతులన్నీ ఇంటికొచ్చి నాగేశ్వరి చేతిలో తిన్నబడి, తప్పులు సర్దుకుని, గుండ్రటి అక్షరాలతో వెనక్కి వెళతాయి. “కాస్త ఇది ఎక్కించిపెట్టు,” అంటాడాయన, అంతే. నేను కూడా ఒక మనిషిని గట్టు మీద కూర్చోబెట్టి పని చేస్తున్నానా అనుకుంది. ఆ మనిషికి ఆ సంగతి తెలుసా? ఐలయ్యకు తెలుసు. తెలిసి తల దించుకుని బీడీ కాలుస్తున్నాడు. సోమేశ్వరరావు తల మాత్రం ఎప్పుడూ దిగలేదు.

తలుపులు బయటికి వెళ్ళాయి గానీ, గోడకు బిగించిన చట్రాలు, అరలు వంటింట్లోనే ఉండిపోయాయి.

“పనివాళ్ళు నా వంటింట్లో అడుగుపెట్టడానికి వీల్లేదు,” అంది అత్తగారు పుణ్యవతి. “ఇంట్లో మనిషివి నువ్వున్నావుగా, గీకు.”

అలా నాగేశ్వరి చేతికి గాజు పెంకు వచ్చింది. రుక్కమ్మ పెరటి గుమ్మం బయట నిలబడి చెప్పేది. “చెక్క పోగు ఎటు పోతదో అటే రుద్దాలె అమ్మా. అడ్డం రుద్దితె గీతలు పడ్తయ్, ఇగ అవి పోవు. జర అలకగ. చెక్కను కొట్టినట్టు కాదు, పసిపిల్ల ఒళ్ళు రుద్దినట్టు.”

మొదటి రోజు వేళ్ళు కోసుకుపోయాయి. రెండో రోజు జబ్బలు పట్టేశాయి. మూడో రోజు మధ్యాహ్నం, పచ్చపొర కింద నుంచి తేనెరంగు చెక్క అరచేయంత మేర బయటపడింది. అందులో నీటి అలల్లాంటి గీతలు. నాగేశ్వరి దాని మీద బుగ్గ ఆనించింది. ఎందుకలా చేసిందో ఆమెకే తెలియదు. ఇన్నేళ్ళుగా తను చేసిన పనుల్లో మర్నాటికి మిగిలినది ఏదీ లేదు. వండింది తినేస్తారు, ఉతికింది మాపేస్తారు, ఊడ్చింది తొక్కేస్తారు. ఇది మాత్రం పొద్దున లేచేసరికి, తను ఆపిన చోటే, తన కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేది. పప్పు ఉడుకుతున్న పది నిమిషాల్లో కూడా ఒక జానెడు రుద్దేది. పులుసు అడుగంటిందని అత్తగారు సాధించినా ఆ మాటలు ఎక్కడో పక్కింట్లో వినబడ్డట్టుండేవి. తనకు ఇష్టమైన పని అంటూ ఒకటి లోకంలో ఉందని ముప్పై నాలుగేళ్ళ వయసులో తెలియటం సంతోషమో దుఃఖమో ఆమె తేల్చుకోలేకపోయింది.

నాలుగు తలుపులు పూర్తయ్యాక రుక్కమ్మ రాలేదు. ఐలయ్యను దవాఖానాకు తీసుకెళ్ళారని కబురొచ్చింది. ఆ తర్వాత రెండు రోజులకు పోయాడని తెలిసింది.

“సరిగ్గా ఇప్పుడే పోవాలా వీడు?” అన్నాడు సోమేశ్వరరావు. “సగం పనిలో వదిలేసి.”

పరామర్శకు వెళ్ళొస్తానంటే వినిపించుకోలేదు. ఆయన ఆఫీసుకు వెళ్ళాక నాగేశ్వరి చెప్పులేసుకుని బయల్దేరింది. గంటన్నర నడక. గుట్టల నడుమ బండిబాట, అక్కడక్కడా సీతాఫలం పొదలు, మనిషి అలికిడి లేదు. ఒంటరిగా అంత దూరం నడవటం ఆమెకు అదే మొదటిసారి. భయం వేస్తూనే ఉంది. అయినా వెనక్కి తిరగలేదు.

రుక్కమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయిన ముఖం.

“మంచిగ చూసుకున్నడమ్మా నన్ను. నేను రుద్దుతుంటె చూసి, పని నాదే అని నలుగురి ముంగట చెప్పలేక సిగ్గువడేటోడు,” అంది. “ఇగ నన్నెవరు పిలుస్తరు? మేస్త్రీ పోయిండు గద. పని పోలే, చేతులు పోలే. పేరు పోయింది.”

నాగేశ్వరి వెళ్ళటానికి లేస్తుంటే రుక్కమ్మ లోపలికి వెళ్ళి, మెరుగుకు పూసే లక్క మూట తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. స్పిరిటులో ఒక రాత్రి నానబెట్టాలనీ, గుడ్డ ఉండతో పలచగా పూయాలనీ, ఆరాక గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ పూయాలనీ, అలా ఏడుసార్లనీ చెప్పింది. “నీ చేయి మంచిది. నువ్వే చేస్తవ్ పో.”

మిగిలిన నాలుగు తలుపులూ, చట్రాలూ నాగేశ్వరి చేసింది. బందులు బిగించటం కూడా తనే నేర్చుకుంది. సోమేశ్వరరావు ఒకసారి తొంగిచూసి, “పర్వాలేదే,” అన్నాడు. ఎవరు చేశారని అడగలేదు.

ఆదివారం పొద్దున్న మాత్రం ఆమె చేతులు ఆయన కంట్లో పడ్డాయి. గోళ్ళ చుట్టూ ఎర్రటి లక్క ఇంకిపోయి ఉంది, వేళ్ళ చివర చర్మం పొరలుగా లేచింది.

“ఏంటా చేతులు, కూలిమనిషి చేతుల్లా. వాళ్ళు ఉన్నంతసేపూ కొంగు కింద పెట్టుకో. వడ్డన అమ్మ చేస్తుంది.”

ఆ చేతులతోనే ఆమె తెల్లవారుజాము నుంచి పులిహోర కలిపింది, బొబ్బట్లు తట్టింది, గుత్తివంకాయ వండింది. వాటిని ముట్టుకోవటానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పార్థసారథి గారు హాల్లో ఆకు ముందు కూర్చుని ఉండగానే ఆయన భార్య రత్నమాల గారు మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి అలమారాల ముందు ఆగిపోయారు. ఒక తలుపు మీద చేయి వేసి కిందికీ పైకీ నిమిరారు.

“చెక్కను ఎంత బాగా తేల్చారండీ. మా ఇంట్లో పాత బీరువాలు ఇలాగే నల్లబడి పడున్నాయి. ఎవరు చేశారు?”

నాగేశ్వరి నోరు తెరిచేలోపు గుమ్మం దగ్గర నుంచి సోమేశ్వరరావు అందుకున్నాడు. “ఐలయ్య అని, నానక్‌రామ్‌గూడ మేస్త్రీ అండి. గొప్ప పనివాడు. పాపం, మొన్ననే పోయాడు. అతని ఆఖరి పని ఇదే.”

గొంతులో నిజంగానే విచారం పలికింది. నాగేశ్వరి భర్త వైపు చూసింది. బతికున్నప్పుడు ఆ మనిషితో రెండు మాటలు మాట్లాడినవాడు కాదు. భార్య పేరు చెప్పటం కంటే చచ్చిపోయిన పరాయి మగవాడి పేరు చెప్పటమే ఈయనకు పరువు. తన ఒక్కదాని సంగతే అయితే, దస్తూరి విషయంలో మింగినట్టే దీన్నీ మింగేసేదేమో. కానీ ఈ మాట ఇక్కడితో ఆగదు. చేసినవాడు పోయాడంటే ఇక ఆ పని చేసేవాళ్ళే లేరని అర్థం. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషిని ఆ గోడ దగ్గరే వదిలేయటం.

ఆమె రెండు చేతులూ కొంగు కింద నుంచి తీసింది.

“ఐలయ్య ఈ తలుపులు ముట్టుకోలేదండీ. నాలుగు అతని భార్య రుక్కమ్మ చేసింది. నాలుగు నేను చేశాను. నాకు నేర్పింది కూడా తనే.”

సోమేశ్వరరావు నవ్వాడు. “మా ఆవిడకు హాస్యం ఎక్కువండి.”

రత్నమాల గారు నవ్వలేదు. నాగేశ్వరి కుడిచేయి అందుకుని ఆ గోళ్ళు చూశారు. “మీరూ రుక్కమ్మా వస్తారా మా ఇంటికి, ఆ బీరువాల పనికి? గురువారమైతే నేనుంటాను,” అన్నారు.

“వస్తామండీ,” అంది నాగేశ్వరి.

వాళ్ళ కారు వెళ్ళాక సోమేశ్వరరావు ఒకే ఒక్కసారి మాట్లాడాడు. “ఆఫీసరింట్లో చెక్కలు రుద్దే మనిషా నా భార్య? నాకు ఆ ఉద్యోగం రాకపోతే అది నీ చలవే అనుకుంటాను.” అంతే, తర్వాత మూడు రోజులు ఆమెతో మాటల్లేవు. నిజంగానే రాకపోతే? ఆ ప్రశ్న ఆమెను నీళ్ళు తోడేటప్పుడూ వదల్లేదు, పడుకున్నా వదల్లేదు. తప్పు చేశానా అని పదిసార్లు అనుకుంది. చెప్పకుండా ఉండాల్సింది అని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

సోమవారం మళ్ళీ నడిచి వెళ్ళి రుక్కమ్మకు చెప్పింది.

“మేస్త్రీ ఏడీ అని అడిగితె ఏం చెప్పాలె?” అంది రుక్కమ్మ.

“అడగరు. నీ పేరే చెప్పాను.”

“నా పేరా,” అంది రుక్కమ్మ. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

గురువారం సోమేశ్వరరావు ఆఫీసుకు సెలవు పెట్టాడు. వీధిగుమ్మం పక్కనే కుర్చీ వేసుకుని పేపరు తెరిచాడు. పేజీ తిప్పటం లేదు. నాగేశ్వరి జడ ముడి వేసుకుని, లక్క మూటా గరుకు కాగితాలూ సంచిలో పెట్టుకుంది. ఆయన లేచి అడ్డం నిలబడతాడో, సాయంత్రం తిరిగొస్తే తలుపు తీస్తాడో తీయడో తెలియదు.

“ఎక్కడికే? మధ్యాహ్నం వంట ఎవరు చేస్తారు?” అంది పుణ్యవతి వంటింటి గుమ్మంలోంచి.

నాగేశ్వరి సంచి భుజానికి తగిలించుకుంది.

“ఆయన ఇవాళ ఇంట్లోనే ఉన్నారుగా అత్తయ్యా,” అని, ఆ కుర్చీ పక్క నుంచి దాటి వీధిలోకి దిగింది.