కుజుని గాలికి గవ్వలు

ఆదివారం అన్నాలయ్యాక చెన్నూరులో ఆ పెంకుటింటి అరుగు మీద గవ్వలు మోగుతుంటే, దారినపోయేవాళ్లు అష్టాచెమ్మ ఆడుతున్నారనే అనుకునేవాళ్లు. ఆట కాదు. ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెప్పే దేవకి, ఇల్లుగలామె శంకరవ్వను పక్కన కూర్చోబెట్టుకొని కుజగ్రహం మీది గాలిని తయారు చేస్తోంది.

"రెండు," అనేది శంకరవ్వ గవ్వలు వదిలి. దేవకి గ్రాఫు కాగితం మీద రెండు గళ్ల ఎత్తున చుక్క పెట్టేది. "మూడు." మూడు గళ్లు. ఒక చుక్క మీదికి, ఒక చుక్క కిందికి. అన్నీ కలిపితే గీత వణికినట్టు వచ్చేది. అదే గాలి.

ఆటలోనైతే అష్ట అంటే ఎనిమిది పడినా, చెమ్మ అంటే నాలుగు పడినా మళ్లీ వేస్తారు, పడినవన్నీ కలుపుకుంటారు. ముసలిదానికి చేతికొచ్చిన అలవాటు. ఇది ఆట కాదవ్వా, దేనికదే చెప్పమని దేవకి మొదటి రోజునే పోరి పోరి మాన్పించింది.

"గాలి జర జోరుగున్నదా పంతులమ్మా? నీ మొగని కండ్లల్ల దుమ్ము వడ్తదేమో సూడు."

"నువ్వెయ్యవ్వా, ముచ్చట్లు పెట్టకుంట."

"ఏస్తున్న గదనే. కుజుడు మొగుడు పెండ్లాలను ఒక్క కాడ ఉండనియ్యడంటరు. నువ్వేమో వారం వారం వానికే కొలువు జేస్తున్నవ్."

దేవకి నవ్వేది. నవ్వి తల వంచుకునేది.

మొగుడు దయాకర్‌రావు కరీంనగర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, ఆమెకు మేనమామ కొడుకు. పెళ్లయినప్పటి నుంచి ఇద్దరూ ఒక్కచోట ఉన్నది సెలవుల్లోనే. ఆమె కొలువు ఇక్కడ, అతని కొలువు అక్కడ. నడుమ గోదావరి, మంచిర్యాలలో మారే బస్సు. వాటికంటే పెద్ద అడ్డం అతని పరిశోధన.

డెబ్బయ్యారులో కుజుని మీద దిగిన రెండు నౌకల్లో కంపాలు పట్టే యంత్రాలు పెట్టి పంపారు. ఒకటి నోరు విప్పనే లేదు. రెండోది పనిచేసింది గానీ, గాలికి నౌకతో పాటే ఊగుతూ ఏది గాలో ఏది కంపమో తెలియనివ్వలేదు. భూమి మీద కంపం పుడితే నాలుగు ఊళ్ల యంత్రాలు పట్టి, పుట్టిన చోటు తేలుస్తాయి. అక్కడ ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కదానితోనే గాలిలోంచి కంపాన్ని ఏరి, జాడ చెప్పొచ్చని దయాకర్‌రావు పట్టుదల. కంపం పుట్టిన చోటు నుంచి రెండు వణుకులు బయల్దేరుతాయి. ఒకటి ముందు చేరుతుంది, ఒకటి వెనక. రెండింటి నడుమ ఎడం ఎక్కువుంటే దూరపుది, తక్కువుంటే దగ్గరది. మూడు వైపుల ఊపును మూడు గీతలుగా గీస్తే, అది వచ్చిన దిక్కు కూడా దొరుకుతుంది.

ముందు ఉత్తుత్తి కంపాల మీద చేసి చూపించమన్నాడు హైదరాబాదులోని ప్రొఫెసరు. ఆ ఉత్తుత్తివి తనే చేసుకుంటే ఎక్కడున్నాయో తనకు తెలిసే ఉంటుంది. వేరే ఎవరైనా చేసి, గాలిలో దాచి ఇవ్వాలి. దసరా సెలవుల్లో ఆ పని దేవకికి నేర్పాడు.

"నీకు ఇష్టమొచ్చిన కాడ పెట్టు దేవకీ. యాడ పెట్టినవో నాకు జెప్పకు."

"నువ్వు పట్టకపోతే?"

"నువ్వు దాచింది నేను దేవులాడలేనా?"

వెతికి పట్టలేనా అన్న ఆ మాట ఆమెకు చాలా రోజులు తియ్యగా ఉండింది.

చలికాలం నడుమ చెన్నూరు జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ బదిలీ అయి వెళ్లిపోయాడు. దేవకి కబురు విన్న వారమే బస్సెక్కి కరీంనగర్ వెళ్లి, ఆ ఖాళీకి దరఖాస్తు పెట్టుకోమని అడిగింది. దయాకర్‌రావు కాగితాల మీది నుంచి తల ఎత్తకుండానే, "ఆడ కరెంటుండది, పుస్తకాలుండయి. సూద్దాం తియ్యి," అన్నాడు. ఆమె మరో మాట అనలేదు. చిన్నప్పుడు అన్నం పళ్లెంలో కూర చాలకపోయినా రెండోసారి అడిగిన పిల్ల కాదు. దరఖాస్తుకు ఫిబ్రవరి నెలాఖరు దాకా గడువు.

తిరిగి వచ్చాక ఆ ఆదివారం గీసిన కాగితంలో కంపాన్ని కుజుని అవతలి పక్క పెట్టింది. మరుసటి వారం అదే దిక్కున, కొంచెం ఇవతల. ఆ మరుసటి వారం ఇంకొంత ఇవతల. ఎవరో నడిచి వస్తున్నట్టు, దారిలో ఆగి మజిలీలు చేస్తున్నట్టు, కంపం వారం వారం యంత్రం వైపు వస్తూనే ఉంది. నోటితో అడగలేనిది చేత్తో అడుగుతోంది. దాచింది దేవులాడతానన్నవాడు ఇది చూడకుండా పోతాడా అనుకుంది. పోస్ట్‌మన్ సైకిలు మలుపు తిరిగితే పాఠం మధ్యలోనే కిటికీ వైపు చూసేది.

ఉత్తరం వచ్చింది. "కంపాలన్నీ ఒక్క దిక్కునే పడుతున్నాయి, వారం వారం దగ్గరికి జరుగుతున్నాయి. నిజంగా అట్లా ఉండదు. నా లెక్క దేన్నైనా దగ్గరికి గుంజుతున్నట్టున్నది. తప్పు దిద్దిన. ఇప్పటి నుంచి దూరాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తున్న. ఇంకొన్ని పంపు," అని రాశాడు.

దేవకి నిలబడే చదివింది. తను ఇంత దూరం తోడుండి తెచ్చి, తలుపు ముందు నిలబెట్టినదాన్ని అతను చెయ్యి పట్టుకొని మళ్లీ వాగు అవతల దిగబెట్టి వచ్చాడు.

ఆ ఆదివారం ఆమె కంపమేదీ పెట్టలేదు. వట్టి గాలి గీసింది. అది కూడా మనసు పెట్టి గీసింది కాదు. శంకరవ్వ ఏ అంకె అంటే ఆ అంకె వేసుకుంటూ పోయింది. కవరులో పెట్టి పోస్టు డబ్బాలో వేసి వచ్చి, తల నొస్తోందని పడుకుంది.

మరుసటి శనివారం పగటిపూట బడి విడిచి ఇంటికొచ్చేసరికి అరుగు మీద దయాకర్‌రావు! భుజాన సంచి కూడా దించలేదు. తన మనసు తెలిసి వచ్చాడనుకుంది దేవకి.

"ఏందే దేవకీ, గింత పరేషాన్ జేసినవ్! గింత సన్నదాన్ని గంత గాలిల దాస్తరా ఎవరన్న? కండ్లు పోయినయనుకో."

"ఏం దొరికింది బావా?"

"ఏందంటవేంది? కంపం! సక్కగ యంత్రం పక్కపొంటె. రెట్లు జేసినా దగ్గర్నే ఉన్నది. గింత దగ్గరిది ఇప్పటిదాంక రాలే. మంగళారం హైదరాబాద్ పోతున్న. గిదొక్కటి ముందల పెడితే ప్రొఫెసర్ ఇంక మాట్లాడడు."

అతని మొహం మీద ప్రయాణం దుమ్ము, దాని కింద వెలుగు. ఆ వెలుగును ఆమె పెళ్లిపీటల మీద చూసింది, మళ్లీ ఇప్పుడు చూస్తోంది. తల ఊపితే చాలు, అది అట్లాగే ఉంటుంది. సంతోషంగా ఓ పూట ఉండి, సంతోషంగానే బస్సెక్కుతాడు. లేనిదాన్ని పట్టుకొని వెళ్లి పదిమందిలో పెడతాడు. పెట్టినవాటి అర్థం ఒక్కసారీ గుర్తుపట్టనివాడు, పెట్టనిదాన్ని పట్టుకొని ఇంత దూరం వచ్చాడు.

"దాంట్ల నేనేం పెట్టలేదు బావా."

"పరాచకాలాడకు."

"ఒట్టు. వట్టి గాలే."

అతను సంచి దించి కాగితం తీసి అరుగు మీద పరిచాడు. "మరి గిదేంది? గీ రెండు లేచినయి సూడు. ముందొకటి, ఎనకొకటి."

దేవకి వంగి చూసింది. గీత ఒకచోట పదిహేను గళ్లు లేచింది, కొంచెం జరిగాక మళ్లీ అంతే. నాలుగు గవ్వలతో పదిహేను పడదు.

"శంకరవ్వా! పోయిన ఐతారం అష్ట వడ్డప్పుడు ఏం జేసినవ్?"

శంకరవ్వ చేటతో బయటికి వచ్చింది. "ఏం జేస్తనే? అష్ట మీద చెమ్మ వడ్డది, చెమ్మ మీద మూడు వడ్డది. కలిపి పదిహేనన్న. ఇడుస్తనా? గట్లనే రెండుసార్లు వడ్డది బిడ్డా. ఆటైతే నా కాయలన్ని పండు! నువ్వూ ఏమనకుంట రాసుకుంటివి."

దయాకర్‌రావు ముసలిదాని వైపు, కాగితం వైపు మార్చి మార్చి చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అయిపాయె. ఇన్నేండ్ల లెక్క అవ్వ అష్టల వడి కొట్టుకపోయింది."

"కొట్టుకపోలే," అన్నది దేవకి. "నేను పెట్టినయన్ని పట్టినవ్. ఒక్కటి తప్పలే."

"రెట్లు జేసినంకనా?"

"చెయ్యకముందు."

అతను పాత కాగితాలు తీశాడు. ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. దూరాలను వరుసగా వేలు పెట్టి చదివాడు. శంకరవ్వ చేట పట్టుకొని లోపలికి వెళ్లింది.

"కావాల్నని పెట్టినవా? గిట్ల ఒక్క వరుసల ఎవరన్న పెడ్తరా దేవకీ?"

"ఒస్తున్నోళ్లు ఇంకెట్లొస్తరు బావా? అడుగడుగు దగ్గరికే గదా." కాగితాల వరుస మీద వేలు జరిపింది. "నేనెంత దగ్గరికి తెస్తే నువ్వంత దూరం కొట్టినవ్."

అతను ఆఖరి కాగితానికి ముందుదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అందులో కంపం యంత్రానికి ఒక రోజు నడక దూరంలో ఉంది. దాని పక్కనే అతని చేతిరాతలో ఆ దూరం ఒకటిన్నర రెట్లయింది. బొటనవేలితో ఆ అంకెను రుద్దాడు. ఇంకుది, పోలేదు.

"నోటితోటి జెప్పచ్చు గదనే."

"చెప్పిన. సూద్దామన్నవ్."

అతను కాగితాలన్నీ మడిచి సంచిలో పెట్టాడు.

"మీ ఊరి కాలేజీ ఆఫీసు సోమారం ఎన్నింటికి తీస్తరు?" అన్నాడు దయాకర్‌రావు.

దేవకికి వెంటనే నమ్మబుద్ధి కాలేదు. "మంగళారం హైదరాబాద్ అంటివి?"

"ఏం బట్టుకొని పోవాలె, అవ్వ పదిహేనా? ఇంకో నెలకు పోత."

"గడువైతే ఇంక ఉన్నది గని, దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఇస్తరో ఇయ్యరో. ఆ పోస్టుకు ఇంకెవలన్న అడిగిండ్రేమో."

"ఇయ్యకపోతే మళ్ల అడుగుత. నీ తీరుగ ఒక్కసారి అడిగి మూతి ముడుసుకుంటనా?"

ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, దేనికో ఆమెకే తెలియలేదు. బదిలీ ఆర్డరు వస్తే వానాకాలానికి వస్తుంది. రాకపోతే మళ్లీ సెలవులు, మళ్లీ బస్సులు. అయినా అతను ఒకసారి ఇటు కదిలాడు.

లోపలి నుంచి శంకరవ్వ కేకేసింది. "పంతులమ్మా, సారు తింటడా, బస్సుకు పోతడా? బియ్యం ఎన్ని పొయ్యాలె?"

దేవకి అతని వైపు చూసింది. అతను చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కోవడానికి బావి దిక్కు నడుస్తున్నాడు.