ఇరవై నిమిషాలు

పొడవాటి బ్రష్షు ఎండోస్కోపు గొట్టంలోంచి అవతలి కొసన బయటికొచ్చింది. కుచ్చుకి పసుపుపచ్చని జిగురు. కృపారావు దాన్ని కుళాయి కింద కడిగి మళ్లీ దూర్చాడు. శ్రీకాకుళంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, కిటికీ లేని ఈ గదిలో, మనుషుల కడుపుల్లోకి వెళ్లొచ్చిన గొట్టాన్ని పందొమ్మిదేళ్లుగా అతనే కడుగుతున్నాడు. మందునీళ్ల ఘాటుకి కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. చర్చిలో పాట ఎత్తుకుంటే ముందు దగ్గొస్తుంది.

కడిగిన స్కోపు ఇరవై నిమిషాలు మందునీళ్లలో మునిగి ఉండాలి. లేకపోతే ఒకరి రోగం ఇంకొకరికి అంటుకుంటుంది. ఉన్నది ఒకటే స్కోపు, బయట పాతికమంది. "ఐదు నిమిషాలు సాల్లే కృపారావూ," అంటుంది రోజూ సిస్టర్ పద్మకుమారి. పుస్తకంలో ఇరవై అని రాసుకుంటుంది. తీసి ఇచ్చే చేతులు మాత్రం కృపారావువే. ఆ పాపం తలుచుకుంటే అతనికి అన్నం సయించదు.

ఈరోజు ఆమె తలుపు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఇయ్యాల ఇరవై నిమిషాలూ ఉంచు. డాక్టరుగారి మావగారికి సేస్తారు."

కృపారావుకి ఒళ్లు మండిపోయింది. అంటే ఐదు నిమిషాలు చాలవని అందరికీ తెలుసన్నమాట.

ఇరవై నిమిషాలయ్యాక స్కోపుని మంచినీళ్లతో కడిగి తీసుకెళ్లాడు. బెంచీ మీద మొదటి టోకెను పట్టుకుని అప్పలమ్మ ముడుచుకుని ఉంది. కోటబొమ్మాళి నుంచి తొలి బండికి వచ్చిన కూలిమనిషి. ఆమెను తనతోపాటే పరీక్ష గదిలోకి నడిపించాడు.

"మావగారేరి?" అన్నాడు డాక్టరు.

"ముందు ఈయమ్మ వచ్చినాది బాబూ. మావగారికి మళ్లా ఇరవై నిమిషాలు నానబెడతాను."

రోగి ఎదురుగానే ఉండటంతో డాక్టరు స్కోపు అందుకున్నాడు. మామగారి పరీక్ష కూడా అయ్యాక, గ్లవ్స్ విప్పుకుంటూ అన్నాడు, "రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

కృపారావు దగ్గుకుంటూనే తన గదికి వెళ్లాడు. రెండో టోకెను కోసం స్కోపుని కడిగి తొట్టెలో ముంచాడు. తెల్ల ప్లాస్టరు ముక్క చింపి, దానిమీద పెన్నుతో టైము రాసి మూతకి అంటించాడు.

"నానేటి సెయ్యగలను కృపారావూ," అంది పద్మకుమారి.

"ఆ టైముకి ముందు స్కోపు తియ్యకండి సిస్టరమ్మా. అంతే సాలు."

సంచీ తీసుకుని మెట్లదాకా వెళ్లాడో లేదో, రెండో టోకెను పిలుపు వినబడింది. వెనక్కి చూశాడు. పద్మకుమారి చేతుల్లో స్కోపు నీళ్లు కారుతూ వెళ్తోంది. గోడగడియారం పదకొండుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఇక అడ్డుపడటానికి తను ఆ ఆసుపత్రి మనిషి కాడు. మెట్లు దిగిపోయాడు.

గదిలో ఖాళీ తొట్టె మూత మీద ప్లాస్టరు ముక్క తడిసి, ఒక అంచు లేచి ఉంది: పదకొండూ పదికి తియ్యాలి.