బల్ల మీద వాన

పొద్దున ఆఫీసు తాళం తీయగానే అటెండరు సాయిలు మొదట కప్పు వైపు చూసేవాడు. బల్లలు తుడవడం, కుండలో నీళ్లు నింపడం ఆ తరువాత. ఏ బల్ల మీద ఎంత మబ్బు పట్టిందో చూసుకుని, దాన్నిబట్టి బకెట్లు సర్దేవాడు. అచ్చంపేట దాటాక అడవి అంచున ఉన్న ఆ మండలాఫీసులో పెండింగు ఫైళ్లున్న బల్ల మీద మబ్బు పట్టడం, ఫైళ్లు పెరిగితే అది కురవడం ఎప్పటినుంచో ఉన్నదే. మూడు నాలుగు ఫైళ్లకు రొట్టెంత మబ్బు. పదిహేను దాటితే తుంపర. పాతిక దాటితే గొడుగు వేసుకుని రాసుకోవలసిందే. ఆఫీసు సామాన్ల పట్టీలో కుర్చీలు, బీరువాలతో పాటు గొడుగులు నాలుగు, బకెట్లు ఆరు అని రాసి ఉండేది. అవెందుకని పైవాళ్లు ఎవరూ ఎన్నడూ అడగలేదు.

పనిమీద వచ్చిన జనం కూడా అడిగేవాళ్లు కాదు. వాళ్ల బాధ వేరే. ఆ ఏడు మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చెలకల్లో వేసిన పత్తి గింజ మట్టిలోనే మాడిపోయింది. బయట మొగులు తెల్లగా మండుతుంటే లోపల ఎవరో ఒకరి నెత్తి మీద సన్నగా కురుస్తూ ఉండేది. కిటికీ ఊచలు పట్టుకుని ఆశగా చూసేవాళ్లు. గుర్వయ్య అనే ముసలాయన భూమి పేరుమార్పిడి ఫైలు మూడేళ్లుగా తిరుగుతోంది. నా కాగితం మీరే ఉంచుకోండి, ఆ వానను మాత్రం జర మా చెలక దిక్కు తోలండి అని ఆయన ఒకసారి అంటే అందరూ నవ్వారు, ఆయనతో సహా.

ఆ ఆఫీసులో నిరోష, స్వర్ణ ఒకే ఏడు చేరిన జూనియర్ అసిస్టెంట్లు. స్వర్ణ వయసులో నాలుగేళ్లు పెద్దది కనుక నిరోష అక్కా అనేది. నిరోష బల్ల మీద మబ్బు పట్టగా చూసినవాళ్లు లేరు. వచ్చిన కాగితాన్ని వచ్చిన రోజే రిజిస్టరుకెక్కించి, నోటు రాసి, సంతకానికి పెట్టేసేది. స్వర్ణ మాటకారి. వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కష్టసుఖాలు అడిగేది, పని మాత్రం రేపు చేద్దామనేది. నాలుగయ్యేసరికి ఆమె నెత్తిన తుంపర మొదలయ్యేది. నిరోష ఏమీ అనకుండా కుర్చీ జరుపుకుని సగం ఫైళ్లు ఇవతలకు లాక్కునేది. ఐదున్నరలోపు ఇద్దరూ కలిసి ఆ బల్ల ఆరబెట్టి లేచేవాళ్లు. మధ్యాహ్నం ఒకే డబ్బాలో తినేవాళ్లు. మీటింగు పెట్టినప్పుడల్లా తాసిల్దారు ఈ ఇద్దరినే చూపించి, కలిసి పనిచేయడమంటే ఇదీ అనేవాడు.

నిరోష భర్త శివకృష్ణకు గొర్ల మంద ఉంది. ఎండలు ముదిరాయంటే మందను తోలుకుని కృష్ణానది ఒడ్డుకు పోతాడు, మళ్లీ వానలు పడేదాకా రాడు. ఒక్కతే కూతురు మల్లిక. పుట్టుకతోనే చెవులు వినపడవు, అందుకని మాట కూడా రాలేదు. తెలంగాణ వచ్చిన నెలలోనే ఆ పిల్లను పాలమూరులో వినపడని పిల్లల బడిలో, దాని హాస్టల్లో చేర్పించారు. అప్పటికి ఐదేళ్లు. అక్కడికి బస్సులో మూడున్నర గంటలు. నెలకొక ఆదివారం పోయి బిస్కెట్ల పొట్లం ఇచ్చి, పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, చివరి బస్సుకు తిరిగి రావడమే.

ఇట్లాంటి పిల్లలున్న ఉద్యోగులు బదిలీ అడగవచ్చు. పాలమూరుకు బదిలీ అయితే పిల్లకు హాస్టలే అవసరం లేదు, పొద్దున బడికి పోయి సాయంత్రం అమ్మ దగ్గరకు వస్తుంది. నిరోష ఆ వారమే దరఖాస్తు రాసి స్వర్ణ చేతికిచ్చింది, ఉద్యోగుల కాగితాలు చూసే సీటు స్వర్ణదే. నాలుగు రోజుల తరువాత, పైకి పోయింది, ఇక జిల్లాలో ఉంది అని చెప్పింది స్వర్ణ. ఆఫీసుకు వచ్చే ప్రతి ముసలమ్మనూ ఆపి, కాగితం పోయిన నంబరు రాయించుకో అవ్వా, నంబరు లేకుంటే ఎవరూ పలకరు అని చెప్పే నిరోష తన కాగితానికి మాత్రం నంబరు అడగలేదు. ఒకే డబ్బాలో తినే మనిషిని ఎట్లా అడుగుతుంది? ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు చేసే తప్పే ఇది. ఊరందరినీ రాతపూర్వకంగా ఇమ్మంటారు, తమలో తాము నోటిమాట మీద నడిచిపోతారు.

ఆ నెల నుంచే స్వర్ణ బల్ల మీద పిడికెడు మబ్బు ఒకటి నిలబడిపోయింది. బల్ల మీద ఉన్న ఫైళ్లన్నీ పంపేసినా కదిలేది కాదు. ఆ మూల గోడకు చెమ్మ ఉందని సాయిలు తేల్చాడు. ఏదైనా కాగితం మిగిలిందేమోనని నిరోష సొరుగు లాగబోతే, చాయ్ తాగొద్దాం రమ్మని స్వర్ణ చెయ్యి పట్టి లేపేది.

ఏడాది గడిచింది. బదిలీ జాడ లేదు. ఇంతలో పాలమూరులో సీనియర్ అసిస్టెంటు పోస్టు ఖాళీ పడింది. ఇద్దరి పేర్లూ పైకి పోయాయి, తనిఖీ చూసి ఎవరిదో తేలుస్తామన్నారు. నిరోషకు పిల్ల తన పక్కనే మెదిలినట్టయింది. బదిలీ రాకపోతే మానె, ఈ దారినైనా పిల్ల దగ్గరకు పోవచ్చు.

తనిఖీ సోమవారమనగా గురువారం హాస్టలు నుంచి ఫోను, పిల్లకు జ్వరమని. నిరోష తటపటాయించింది. స్వర్ణే కసిరింది.

"పోవే. పిల్లకన్న ఎక్కువనా గీ తనిఖీ? నీ సీటు నేను చూసుకుంట. బీరువ తాళంచెవి ఇచ్చి పో."

సెలవు పెట్టేటప్పుడు ఏ ఫైళ్లు ఉన్నాయో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోవాలని రూలుంది. రాయబోతే స్వర్ణ పెన్ను లాక్కుంది. నిరోష తాళంచెవి ఆమె చేతిలో పెట్టి బస్సెక్కింది. మూడు రోజులు దవాఖానలో పిల్ల పక్కన కూర్చుంది. జ్వరం దిగింది.

సోమవారం ఆఫీసు గేటు దగ్గరికి రాగానే వాన చప్పుడు వినపడింది. కిటికీ దగ్గర జనం. ఎవరో అవ్వ ఊచల కింద బిందె పెట్టి జారే నీళ్లు పడుతోంది. లోపల నిరోష బల్ల మీద నల్లటి మబ్బు కప్పుకంటా పట్టి దబదబా కురుస్తోంది. ఎన్నడూ తడవని ఆ బల్ల మీద ముప్పై ఎనిమిది ఫైళ్లు ప్లాస్టిక్ కవర్ల కింద గుట్టగా ఉన్నాయి. పక్కన స్వర్ణ బల్ల ఎండకాలం బండలా పొడిగా ఉంది, పిడికెడు మబ్బు కూడా లేదు.

తనిఖీకి వచ్చే సార్లు ఫైళ్లు తెరిచేవాళ్లు కారు. తల ఎత్తి కప్పు చూస్తే చాలు కదా. జిల్లా నుంచి వచ్చినాయన గొడుగు కింద నిలబడి రాసుకుంటున్నాడు.

"ఇవి నావి కావు సార్," అంది నిరోష.

"వాన నీ బల్ల మీదనే పడుతుంది కదమ్మా," అన్నాడాయన, కోపం కూడా లేకుండా.

నిరోష స్వర్ణ వైపు చూసింది. ఒక్క మాట అంటుందని చూసింది. స్వర్ణ కంప్యూటరు మీది గుడ్డ తీసి, మడతపెట్టి, మళ్లీ విప్పి మడతపెట్టింది. తల ఎత్తలేదు.

ఫైళ్లు మోసింది తానేనని సాయిలు మరునాడు వచ్చి ఒప్పుకున్నాడు. స్వర్ణ మేడం చెబితే ఆమె బల్ల మీదివి, సొరుగులోవి, బీరువాలో మూలనపడ్డవి అన్నీ మోశాను, మీ ఇద్దరి పనీ వేరు వేరని అనుకోలేదమ్మా అని కళ్లు తుడుచుకున్నాడు. తాసిల్దారుకు చెబితే ఆయన పేపరు వెయిటు తిప్పాడు. బయటపెడితే ఆఫీసు ఇజ్జత్ పోతుందన్నాడు, నలుగురం కలిసి పనిచేసేచోట సర్దుకుపోవాలన్నాడు. నిరోష సర్వీసు కాగితాల్లో పని పట్ల నిర్లక్ష్యం అని ఒక ముక్క చేరింది. పదిహేను రోజుల్లో స్వర్ణకు ప్రమోషను వచ్చింది. ఆమెను రిలీవ్ చేసే ఉత్తర్వు టైపు చేయడానికి ఆఫీసులో ఇంకెవరూ లేకపోతే నిరోషే చేసింది. ఒక్క తప్పు లేకుండా చేసింది.

కోపం వస్తే పని ఆపేసేవాళ్లు కొందరుంటారు. నిరోషకు అది చేతకాదు. గొడుగు మెడకూ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒక్కొక్క ఫైలే తెరిచింది. ప్రతి దాన్లోనూ స్వర్ణ గుండ్రటి దస్తూరీ, రేపు చేద్దామని వదిలేసిన సగం వాక్యాలు. వాటిని పూర్తి చేస్తుంటే ఏడుపు వచ్చేది. వానలో ఎవరికీ తెలిసేది కాదు. అదొక్కటే ఆ సీటులో సుఖం. వితంతు పెన్షన్లు, కులం సర్టిఫికెట్లు, ఇంటి జాగాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గుర్వయ్య ఫైలు పదకొండో రోజు తేలింది. ఆయన పట్టా కాగితం కళ్లకద్దుకుని, నిరోష నెత్తిమీది మబ్బు వైపు ఒకసారి చూసి, వాన మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

పంతొమ్మిది రోజులకు ముప్పై ఏడు ఫైళ్లు పోయాయి. వాన ఆగింది. పిడికెడు మబ్బు మిగిలింది. గుట్టలో అడుగున ఉన్నది ఫైలు కూడా కాదు, నంబరు వేయని నీలం కవరు. ఆమె తెరిచింది. లోపల తన దస్తూరీయే ఉంది. కుమార్తె మల్లిక, వయసు ఐదు సంవత్సరాలు, వినికిడి లేదు, కనుక దయతో పాలమూరుకు.

నిరోష కాగితం పట్టుకుని లేచింది. తరువాత వరండాలోకి పోయి ఫోను చేసింది.

"అక్కా, నా కాగితం దొరికింది."

అవతల బస్సుల హారన్లు వినపడ్డాయి. వాటి మధ్య నుంచి స్వర్ణ మాట్లాడింది.

"నువ్వు పోతే నా సీటు ఎవలు చూస్తరే? నువ్వు లేకుంటే నేను గా కుర్చీల ఒక్క నెల గూడ ఉండకపోదును. రేపు పంపుత, ఎల్లుండి పంపుత అనుకుంటనే ఏడాదైంది. నీ మీద ప్రేమ లేక గాదు."

"మరి గా ముప్పై ఏడు?"

"అవి గూడ నువ్వే చేస్తవని నాకు ఎర్కనే గద."

నిరోష ఫోను పెట్టేసింది. పగతో చేసి ఉంటే తిట్టి ఊరుకునేది. ఇది పగ కాదు. తన చేతులు కావాలి గనుక తనను కట్టేసింది, ఆ చేతులమీది నమ్మకంతోనే ముంచింది. అట్లాంటి మనిషికి ఏడాదిపాటు తన డబ్బాలోంచి ముద్దలు కలిపి పెట్టింది తాను.

లోపలికి వచ్చి తన కాగితానికి తానే నోటు రాసింది, తానే నంబరు వేసింది, తానే తాసిల్దారు ముందు పెట్టింది. స్వర్ణ సొరుగులోనే ఉండి ఉంటే ఆ కాగితం పదేళ్లయినా కదిలేది కాదు. వాన మోసుకొచ్చి ఆమె ముందు పడేసింది. తాసిల్దారు దరఖాస్తు మీది తేదీ చదివి, ఎవరు ఆపారని అడగకుండానే సంతకం పెట్టాడు. మబ్బు కప్పులోకి ఇంకిపోయింది. సాయిలు బకెట్లు తీసి ఎండలో బోర్లించాడు.

బతుకమ్మ పండుగ ముందర ఉత్తర్వు వచ్చింది. పాలమూరులో స్వర్ణ ఉన్న చోటికే వేశారు. అది పెద్ద ఆఫీసు, కప్పు ఎత్తు కాబట్టి మబ్బులు అందనంత పైన ఉండేవి. చేరిన రోజు మధ్యాహ్నం స్వర్ణ డబ్బా పట్టుకుని వచ్చి బల్ల పక్కన నిలబడింది. నిరోష తాను తినేశానని చెప్పింది. తినలేదు.

ఐదింటికి హాస్టలుకు పోయింది. బడి వెనక సందులో గది కిరాయికి తీసుకుని, పిల్లను ఇంటికి పంపమని ముందే కాగితం పెట్టి ఉంచింది. హాస్టలు ఆయమ్మ అండాలు పిల్ల రేకు పెట్టె సర్ది వాకిట్లో పెట్టింది. మల్లిక తోటి పిల్లల మధ్య నిలబడి చేతులతో గబగబా మాట్లాడుతోంది, నవ్వుతోంది, ఎవరినో కోప్పడుతోంది. నిరోషకు ఒక్క ముక్క తెలియలేదు. నెలకొకసారి ఒళ్లో కూర్చోబెట్టుకున్నప్పుడు మాటల అవసరమే పడలేదు.

పిల్ల తల్లిని చూసింది. పెట్టెను చూసింది. వెనక్కి పోయి అండాలు కొంగు పట్టుకుని చేతులతో ఏదో అడిగింది.

"ఏమంటాంది?" అంది నిరోష.

అండాలు చెప్పడానికి ఇష్టపడలేదు. మళ్లీ అడిగితే చెప్పింది.

"ఈమెతోని ఎన్ని దినాలుండాలె, నన్ను మళ్ల ఎప్పుడు తీసుకపోతవ్ అని అడుగుతాంది బిడ్డా. చిన్నపిల్ల, మనసుల పెట్టుకోకు."

నీలం కవరులో ఏడాదిపాటు ఏం నలిగిపోయిందో నిరోషకు అప్పుడు తెలిసింది. ప్రమోషను పోయినప్పుడు గానీ, నిర్లక్ష్యం అని రాసినప్పుడు గానీ ఇంత నొప్పి పుట్టలేదు. దీన్ని ఏ నంబరు వేసి ఎవరికి పంపినా తిరిగి రాదు.

"రోజూ అని ఎట్ల చెప్పాలె?" అని అండాలును అడిగింది.

అండాలు చేతులతో చేసి చూపించింది. నిరోష పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని అట్లాగే చేయబోయింది. కుదరలేదు. మల్లిక అండాలు కొంగు వదలకుండా చూసింది. తరువాత దగ్గరికి వచ్చి, హాస్టల్లో కొత్తగా చేరిన పిల్లలకు దిద్దినట్టే, తల్లి వేళ్లు పట్టుకుని సరిచేసింది. మళ్లీ చెయ్యమని తల ఊపింది. నిరోష మళ్లీ చేసింది.