సాక్ష్యం కాగితం

కాంతం యూనివర్సిటీకి చేరేసరికి పరీక్ష మొదలై రెండు గంటలు దాటింది. అక్కణ్ణుంచి ఫోను రాగానే జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తున్న పప్పు చేటను పక్కమనిషికి అప్పజెప్పి, సగం రోజు కూలి నూట డెబ్బై వదులుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. కొడుకు ప్రకాష్ హాలు బయట మెట్ల మీద చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఆమె పిలవలేదు. పక్కనే చతికిలబడి గోడవైపు చూస్తూ ఉండిపోయింది. ఇలాంటప్పుడు వాణ్ణి ముట్టుకోకూడదని పంతొమ్మిదేళ్లలో నేర్చుకుంది. ఏడుపు రావాల్సింది. రాలేదు.

లెక్కల్లో వాడికి ఎదురులేదు. కానీ హాల్లో అరవై మంది, కిర్రుమనే ఫ్యాన్లు, సంతకం పెట్టమని భుజం తట్టే ఇన్విజిలేటరు. వాడు కాగితం తెల్లగా వదిలేసి బయటికొచ్చేయడం ఇది మూడోసారి.

వికలాంగ విద్యార్థుల సంగతి చూసే తులసి మేడమ్ వచ్చి, తనూ మెట్టు మీదే కూర్చుంది.

"సప్లిమెంటరీకి వేరే గది ఇస్తామమ్మా. గంట ఎక్కువ టైము కూడా ఇస్తాం. కాకపోతే డాక్టర్లు వైకల్యం శాతం రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కావాలి. కొత్తదానికి మూడు నెలలు పడుతుంది. పాతది ఉందా? కాపీ కాదు, అసలుది."

"ఉన్నాదమ్మా."

"సోమవారం సాయంత్రంలోగా తెండి. తర్వాత నా చేతిలో ఉండదు. ఈసారి తప్పితే బాబుకి ఏడాది పోయినట్టే."

కాంతం తలూపింది. ఆ కాగితం ఎక్కడుందో మాత్రం చెప్పలేదు.

అది చర్చిలో ఉంది. ప్రకాష్‌కి ఆరేళ్లొచ్చినా మాట రాకపోతే, గాలి సోకిందన్నారు. ప్రార్థనకు వెళ్తే చాప మీద వీళ్ల చుట్టూ చోటు ఖాళీగా మిగిలేది. ఆ పిల్లాడే పదో తరగతిలో స్కూలుకి ఫస్టు వచ్చాడు. ఆ ఏడు ఉజ్జీవ కూడికలనే పెద్ద ప్రార్థన సభల్లో కాంతం లేచి, దేవుడు నా కొడుకును స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. ఆ రోజు ఆమెకు నిజంగానే అలా అనిపించింది. ఆ ఊపులో డాక్టర్ల కాగితం తెచ్చి పాస్టరు కృపానిధి చేతిలో పెట్టింది. అప్పట్నుంచి ఏటేటా ఆయన దాన్ని పైకెత్తి చూపిస్తున్నాడు. యాభై శాతం వైకల్యమని డాక్టర్లు రాశారు, ఇప్పుడీ బిడ్డను చూడండి అంటాడు. జనం స్తోత్రం అంటారు. చాప మీద చోటు దొరికింది. స్వస్థత పొందినవాడికి వికలాంగుల పింఛనేమిటని సంఘ పెద్దలంటే కాంతం అదీ మానుకుంది.

కృపానిధి చెడ్డవాడు కాదు. మొగుడు విక్టర్ పోయినప్పుడు శవపెట్టె కొన్నదీ, మూడు నెలలు బియ్యం పంపిందీ ఆయనే. చెడ్డవాడైతే అడగడం తేలికయ్యేది.

మర్నాడు శనివారం పొద్దున్నే వెళ్లి ఆయన్ని కాగితం అడిగింది.

"ఇస్తాను కాంతమ్మా, నాకెందుకది? రేపు ఉజ్జీవ మీటింగు అయిపోనీ. పాతపట్నం అవతలి నుంచి కూడా జనమొస్తన్నారు. ప్రకాష్ సేత ఒక్క మాట సెప్పించీ, పట్టుకెళ్లు."

"అది బొంకు అవదేటయ్యా?"

"ఆడు యూనివర్సిటీలో సదువుతన్నాడా, నేదా? అది దేవుడి మేలు కాదా?"

కాదని ఎలా అంటుంది?

ఇంటికొచ్చి కొడుకు ఎదురుగా కూర్చుంది. "నాకు నయమైంది అను రేపు. అంతే సాలు."

"ఏటి నయమైంది?" పుస్తకంలోంచి తలెత్తకుండానే అడిగాడు ప్రకాష్.

"అదేరా, సిన్నప్పటిది."

"అవనేదు. నిన్న సెవులు నొప్పెట్టినాయి."

"ఒక్కసారి అనీరా నాయినా. కాయితం ఇస్తారు."

వాడు పేజీ తిప్పాడు. "నయమైపోతే కాయితం ఎందుకే అమ్మా?"

కాంతం లేచి వెళ్లి పొయ్యి మీద ఎసరు పెట్టింది.

ఆదివారం పందిరి కిటకిటలాడింది. డోలక్, కంజీర, నిలువెత్తు సౌండు బాక్సులు. తువ్వాలు తలకు బిగించుకుని ప్రకాష్ తల్లి పక్కన ముడుచుకున్నాడు. పాటలయ్యాక కృపానిధి ప్లాస్టిక్ కవర్లోని కాగితం పైకెత్తాడు. డాక్టర్లు రాసింది చదివాడు.

"ప్రకాష్, లే బాబూ. నువ్వే సెప్పు."

వందల తలలు ఇటు తిరిగాయి. ప్రకాష్ మోకాళ్ల మధ్య ముఖం దాచుకుని అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కాంతం చూసింది. లోపల భయం కోసం వెతికితే అదీ దొరకలేదు. లేచి నిలబడింది. ఎవరో మైకు అందించారు.

"మావోడికి నయమవనేదయ్యా," అంది.

వెనకనుంచి ఎవరో అలవాటుకొద్దీ స్తోత్రం అన్నారు.

"ఆడు పుట్టినకాడ్నుంచీ ఇలాటోడే. ఇలాగే సదివినాడు. ఆ దినం నేను తప్పు సెప్పినాను. మళ్లీ ఆడిసేత సెప్పించను."

కృపానిధి ముఖంలో కోపం లేదు, దెబ్బ తగిలిన మనిషిలా ఉన్నాడు.

"కూకో కాంతమ్మా," అన్నాడు మెల్లగా. "తరవాత మాటాడుకుందాం."

కాంతం కూర్చోలేదు.

"కాయితం ఇచ్చీండయ్యా. రేపు సోమారం."

కాగితం పట్టుకున్న ఆయన చెయ్యి ఇంకా పైకే ఉంది.