నిమ్మమొక్కకు రాజభోగం

మా ఇంట్లో నీటిచుక్క ఊరికే పోదు. బియ్యం కడిగిన నీళ్ళు గేటు బయట తొట్టిలో మేకలకు, కూరలు కడిగినవి మిరప కుండీలకు. ఇదంతా మా అత్తగారి చట్టం. నాకు నోటి దురుసు ఎక్కువ. ఆవిడేమో పెళ్ళయి రెండేళ్ళయినా నన్ను పల్లెత్తు మాట అనలేదు. నన్నింకా చుట్టంలాగే చూస్తోందని నాకు లోలోపల బాధ.

ఆవిడ గింజ నాటి ఆరేళ్ళు పెంచిన నిమ్మమొక్క ఈ ఏడే తొలిసారి మొగ్గ తొడిగింది. ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. మెప్పు పొందాలని నేనూ ఓ పని పెట్టుకున్నాను. వంటింట్లో వాటర్ ఫిల్టర్ పక్క గొట్టంలోంచి వదిలేసే నీళ్ళు బకెట్లో పట్టి రోజూ పొద్దున్నే దానికి పోసేదాన్ని. తళతళలాడే నీళ్ళు! మిగతా మొక్కలకు కడుగు నీళ్ళు, దీనికి మాత్రం రాజభోగం.

నెల తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. మొగ్గలు ఒక్కొక్కటే రాలసాగాయి. ఏ దిక్కూ లేని మిరపమొక్కలు మాత్రం నిగనిగలాడుతున్నాయి! ఎండా? పురుగా? ఆకులు తిప్పి చూశాను, వాసన చూశాను, మట్టి గోకి చూశాను. పైన తెల్లగా ఏదో పొర కట్టింది. ఎంత బుర్ర గోక్కున్నా అంతుపట్టలేదు.

నేను పొద్దున పోసిన నిమ్మ కుండీ రోజూ సాయంత్రానికి మళ్ళీ తడిగా కనిపిస్తుంటే, ఒక మధ్యాహ్నం కిటికీ వెనక మాటు వేశాను. అత్తగారు వచ్చి, ఆ పొర గీకి తీసేసి, కూరలు కడిగిన నీళ్ళు గిన్నెడు కుండీలో పోసింది. దొంగ దొరికింది!

"అత్తయ్యా! ఆ మురికినీళ్ళు పోస్తే మొక్క చావదా?"

ఆవిడ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఫిల్టర్ మెకానిక్ వచ్చాడు. నా బకెట్ చూసి, పెన్నులాంటి మీటరు అందులో ముంచాడు.

"ఇవి దేనికండీ?"

"నిమ్మమొక్కకి."

"అయ్యో, మీరు తాగే నీళ్ళల్లోంచి తీసేసిన ఉప్పంతా ఇందులోకే వస్తుందమ్మా. వీటితో ఇల్లు తుడుచుకోండి. కుండీకి రోజూ పోస్తే ఏ మొక్క బతుకుతుంది?"

మొక్క ఇన్నాళ్ళు నిలబడిందంటే ఆ మధ్యాహ్నపు గిన్నె చలవే. సిగ్గుతో చచ్చిపోయాను. తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"నా నీళ్ళే చంపుతున్నాయని మీకు తెలుసా?"

"అనుమానం వచ్చింది."

"మరి వద్దనొచ్చుగా!"

"నాకోసమని అంత ఆశగా మోసుకొస్తుంటే ఎలా అనను? నీ మనసు నొచ్చుకుంటే?"

"మొగ్గలు పోతున్నా?"

"మొగ్గలదేముంది, మళ్ళీ వేస్తుంది."

నాకు ఏడుపొచ్చింది. "తప్పు చేస్తే తిట్టండి అత్తయ్యా. నేనేమైనా పరాయిదాన్నా?"

ఆవిడ నా వైపు తిరిగింది.

"తిట్టనా?"

"తిట్టండి."

"అయితే ఆ ఏడుపాపి కుండీ ఎత్తవే, మొద్దూ! అడుగున కంత మూసుకుపోయి వారమైంది. ఉప్పు నీళ్ళన్నీ అందులోనే నిలబడ్డాయి. కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?"

కళ్ళు తుడుచుకుని కుండీ ఎత్తాను. కంతలో పుల్ల పెట్టి పొడుస్తూ, ఆవిడ ఇంకా తిడుతూనే ఉంది.