ఛైర్మన్‌గారికి ఓ ఈల

ఫుట్‌బాల్ క్లబ్ ఛైర్మన్ పోయాడన్న కబురు ఆమెకు బస్సు డిపోలో తెలిసింది. డ్రైవర్ సీట్లో కూర్చున్నదల్లా బండి తియ్యడం మరిచిపోయింది. ఏళ్ల తరబడి, ప్రతి మ్యాచ్‌లోనూ ఆయన్ను నోరారా తిట్టింది మరి.

కెప్టెన్‌ను పక్క ఊరి జట్టుకు అమ్మేసింది ఆయనే. పసుపు జెర్సీ తీసేసి వంకాయ రంగు అంటగట్టింది ఆయనే. ఆమె రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేస్తే, రిఫరీ ఈల అనుకుని ఆటగాళ్లు ఆగిపోతున్నారని స్టేడియంలో ఈలలే నిషేధించాడు. ఆ హెచ్చరికను సొంత గొంతుతో రికార్డు చేసి, ప్రతి మ్యాచ్ ముందూ వినిపించేవాడు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ముక్కు చీదుకుంటోంది.

"మూతపడబోయే క్లబ్బును నిలబెట్టాడే! ఆడవాళ్లకు బాత్‌రూములు కట్టించాడు. అంతకుముందు సెకండాఫ్ అంతా ఉగ్గబట్టుకుని చూసేదాన్ని, నీకేం తెలుసు!"

"కెప్టెన్‌ను అమ్మేశాడుగా అత్తయ్యా!"

"అమ్మాడు. నేనూ తిట్టాను. అయినా ఏడుపొస్తోంది, ఏం చెయ్యను?"

కోడలికీ కళ్లు చెమర్చాయి. ఉల్లిపాయల మీదికి నెట్టేద్దామంటే ఆమె తరుగుతున్నవి బీన్సు.

ఆదివారం మ్యాచ్‌కు ముందు ఒక నిమిషం మౌనం పాటించాలన్నారు. గ్యాలరీలో ఆమె చుట్టూ కూర్చునేవాళ్లంతా ఆమె మొహం చూశారు.

"అక్కా, వీపు తిప్పి నిలబడదామా?" అన్నాడు ఎప్పుడూ ఆమె పక్కనే కూర్చునే వడ్రంగి.

"పోయినాయనకు వీపైతేనేం, మొహమైతేనేం! తిన్నగా నిలబడు."

అన్నదేగాని, ఆయన చేసిందంతా ఒప్పేసుకున్నట్టు అవుతుందేమోనని లోపల ఒకటే పీకులాట.

అందరూ లేచారు. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం. మైకు ఆపరేటర్ కంగారులో ఏం నొక్కాడోగాని, ఛైర్మన్ గొంతు ఖంగున మోగింది: "స్టేడియంలో ఈల వేయరాదు. వేసినవారు బయటకు పంపబడుదురు."

అందరూ కొయ్యబారిపోయారు. ముందుగా కిసుక్కుమన్నది అత్తగారే. ఆ నవ్వు వరసలు దాటుకుంటూ పాకింది. కింది వరసలో నిలబడ్డ ఛైర్మన్ భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వేసింది కోడలు, ఇన్నాళ్లూ నాలుక కింద దాచుకున్న ఈల. అది తిట్టో దండమో ఆమెకే తెలియదు. స్టేడియమంతా అందుకుంది. రిఫరీ చెవులు మూసుకున్నాడు.

ఆట మాత్రం చప్పగా సాగింది. ఓడిపోయారు కూడా. అత్తాకోడళ్లు బయటికొస్తుంటే ఛైర్మన్ భార్య ఎదురొచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"మొదటి ఈల మీదేగా? అది లేకపోతే మ్యాచ్‌కు వెళ్లినట్టే లేదని ఇంట్లో గొణిగేవారు."

"మరి నిషేధం ఎత్తెయ్యొచ్చుగా అండీ?"

"అమ్మో! ఒకసారి అన్నాక వెనక్కి తగ్గడమా? పెళ్లయిన దగ్గర్నుంచీ చూడలేదు నేను."

కళ్లు తుడుచుకుంటూనే ముగ్గురూ నవ్వేశారు.

వీధి మలుపులో అత్తగారు అడిగింది. "ఇకమీదట ఎవర్ని తిడతావే?"

"కొత్త ఛైర్మన్ వస్తాడుగా."

"పాపం, ఆయనింకా ఏమీ చెయ్యలేదు కదే!"

"అందాకా గోల్‌కీపర్‌తో సరిపెట్టుకుంటాను. చూశారా ఇవాళ, బంతి వస్తుంటే తలుపు తీసి రమ్మన్నట్టు ఎలా పక్కకు జరిగాడో!"

"వాణ్నేమీ అనకు, బంగారంలాంటి పిల్లాడు!" అని అత్తగారు అక్కడే ఆగి వాదన మొదలుపెట్టింది.