ముడి వెయ్యని దారం

అవదియ్య కుట్టిన జేబు నా చేతిలోకి ఊడి వచ్చింది. గట్టిగా లాగింది కూడా లేదు. ఎలా కుదిరిందో చూద్దామని అంచు కింద వేలు పెట్టానంతే, దారం సర్రున జారిపోయి జేబు మొత్తం విడిపోయింది.

"మళ్లీ ఇదేనా?" అన్నాను. "ముడి ఏదమ్మాయ్? కుట్టు చివర ముడి ఏదీ?"

అవదియ్య తల వంచుకుంది. పక్క మిషను మీదున్న బతూల్ మాత్రం ఊరుకోలేదు. "మిగిలిన దారం కూతురి పెళ్లికి దాచిపెడుతోందేమో అబ్లా!" అంది. గదిలో ఆడవాళ్లందరూ పకపకా నవ్వారు. అవదియ్య కూడా నవ్వబోయి మానేసింది. నాకు నవ్వు రాలేదు. పొద్దుటి నుంచి కరెంటు వచ్చిపోతోంది, ఫ్యాను తిరగడం లేదు, మోకాళ్లు సలుపుతున్నాయి. ఇదే మాట ఈ మనిషికి ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు.

కైరో పక్కన గీజాలో, ఫైసల్ వీధి వెనక సందులో, నేల కింద గది మాది. అద్దె ఒక సేవాసంస్థ వాళ్లు కడతారు. నేను రెడీమేడ్ కార్ఖానాలో వయసంతా అరగదీసుకుని బయటపడ్డదాన్ని. ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోవలసిన రోజుల్లో, యుద్ధం తరిమితే సూడాన్ నుంచి వచ్చిపడ్డ ఆడవాళ్లకి కుట్టు నేర్పుతున్నాను. టీచరమ్మని పిలిచినట్టు అందరూ నన్ను అబ్లా అంటారు. నా పేరు ఇన్సాఫ్. "నీకెందుకే ఇన్సాఫ్, ఈ తలనొప్పి?" అని మా అక్క సాధిస్తూనే ఉంటుంది. పింఛను చాలదు, ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు నాకు.

అవదియ్యకి చేత కాదనుకుంటే ఇంత కోపం వచ్చేది కాదు. గదిలో అందరికంటే మంచి చెయ్యి ఆమెది. గీత గీసినట్టు పోతుంది కుట్టు. గుడ్డ ముడత పడదు, దారం తెగదు. తీరా చివరికి వచ్చేసరికి అలా వదిలేస్తుంది. మిషను మీదైతే ఆఖర్న మీట నొక్కి నాలుగు కుట్లు వెనక్కి వెయ్యాలి, చేత్తో అయితే ముడి వెయ్యాలి. అదొక్కటీ చెయ్యదు. చెయ్యనని మొండికేస్తుందా అంటే అదీ కాదు. "సరే అబ్లా" అంటుంది, మళ్లీ మామూలే.

గురువారం హాగ్ సబ్రీ వస్తున్నాడు. మక్కా వెళ్లొచ్చిన పెద్దమనిషి కాబట్టి అందరూ హాగ్ అంటారు. స్కూలు యూనిఫారాలు కుట్టించే వర్క్‌షాపు ఆయనది. పనికొచ్చేవాళ్లని ఎంచుకుని తీసుకుపోతాడు. అక్కడ పనిచేసేవాళ్లందరూ ఆడవాళ్లే, పిల్లల్ని వెంట తెచ్చుకోనిస్తాడు. అవదియ్యకి కావలసింది అదే. ఇప్పుడామె అపార్టుమెంట్ల మెట్లు కడుగుతోంది. వెళ్లేటప్పుడు కూతురు రౌదాని గదిలో పెట్టి బయట తాళం వేసుకుపోతుంది. ఊరు కాని ఊళ్లో అయిదేళ్ల పిల్లని ఎవరి చేతిలో పెడుతుంది? ఒకసారి పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంటే పక్కింటివాళ్లు తలుపు విరగ్గొట్టబోయారట. ఆ సంగతి చెప్పినప్పుడు అవదియ్య ఏడవలేదు. "హాగ్‌గారు తీసుకుంటే తాళంకప్ప అమ్మేస్తాను అబ్లా," అంది.

బుధవారం పిల్లకి జ్వరమని వెంటబెట్టుకొచ్చింది. జ్వరం పిల్లలా లేదది. బల్ల కింద దూరి గుడ్డముక్కలు ఏరుకుంటోంది. కత్తెర అందుకోబోయి చెయ్యెత్తింది. చంక దగ్గర మొదలై నడుము దాకా గౌను పర్రున విడిపోయింది.

"మీ అమ్మ కుట్టిందేనా తల్లీ ఇది?" అంది బతూల్. "ఈ ఎండలకి గాలి బాగా ఆడుతుందిలే!"

నాకు ఒళ్లు మండిపోయింది. "కన్నకూతురి గౌనుకి కూడా ముడి వెయ్యవా?" అని అరిచాను. "రేపు ఆయన ముందు కూడా ఇదే నిర్వాకం చెయ్యి! నా పరువు పోతే పోయింది, నీ కూడు పోతుందే! అసలెవరు నేర్పారు నీకీ దిక్కుమాలిన కుట్టు?"

"మా అత్త."

"ఏం కుట్టేది మీ అత్త?"

"కఫన్లు."

బతూల్ మిషను ఆగిపోయింది.

అవదియ్య పిల్ల గౌను చిరుగు వేళ్లతో దగ్గరికి పట్టుకుని, నా వైపు చూడకుండానే చెప్పింది. "మా ఊరు ఫాషర్‌లో, మా వీధిలో ఆడవాళ్లు పోతే మా అత్తే స్నానం చేయించి, పాతిపెట్టేముందు చుట్టే బట్ట కుట్టేది. ముట్టడి మొదలయ్యాక ఆమె ఒక్కదానివల్ల కాలేదు. నన్ను పక్కన కూచోబెట్టుకుంది. అంతకు ముందు నేను సూది పట్టలేదబ్లా. కఫన్‌కి ముడి వెయ్యకూడదు, వేస్తే పోయినవాళ్లకి అక్కడ బిగుసుకుంటుంది అనేది మా అత్త. నేను మర్చిపోయి వేస్తే చేతిమీద కొట్టేది. కుట్టడం, వదిలెయ్యడం, ఇంకోటి తీసుకోవడం. పొద్దస్తమానం అదే పని. ఇక్కడికొచ్చాక మీరు ముడి ముడి అంటారు. నాకు వినపడుతుంది. చెయ్యి వినదు."

అప్పుడామె చేతిలో ఉన్న గౌను వైపు చూసుకుంది. ఆ క్షణం దాకా ఆమెకి తట్టలేదనుకుంటాను. గబగబా పిల్ల ఒంటి మీంచి గౌను లాగేసి, తను కట్టుకున్న తోబ్ కొంగు పిల్లకి చుట్టేసింది. "చూశారా అబ్లా, ఇన్నాళ్లూ దీని ఒంటికి కూడా నేను ఆ కుట్టే..." అని ఆగిపోయింది.

నేను చెయ్యి పట్టుకుని మిషను దగ్గర్నించి లేపి, చాప మీద నా పక్కన కూర్చోబెట్టాను. మోకాళ్లు మొర్రో అన్నాయి. సూదిలో దారం గుచ్చి, విడిపోయిన గౌనుతో పాటు ఇచ్చాను. కుట్టు చకచకా వేసింది. చివరికొచ్చేసరికి ఆగింది. దారం వేలికి చుట్టి, బొటనవేలితో దొర్లించి, లాగడం. పసిపిల్లకి కూడా వచ్చే పని. ఆమె వేళ్ల మీద నా వేళ్లు పెట్టి చేయించాను. మొదటిది జారిపోయింది. రెండోదీ జారిపోయింది. ఆ తర్వాత ఎప్పటికో ఒకటి బిగిసింది. బిగిసినదాన్ని గోటితో గీకి చూసుకుంది, పంటితో లాగి చూసుకుంది.

నాకు చాలా బాధేసింది. బాధ కంటే ఎక్కువ అలసటేసింది. ఈ గదిలో ఎవరి దారం లాగినా దాని వెనక ఒక ఊరు కూలిపోయి ఉంటుంది. నేను నేర్పగలిగింది జేబులూ కాలర్లూ. అంతకు మించినదానికి నా దగ్గర ఓపిక లేదు, విద్యా లేదు.

బతూల్ లేచి తన ప్లాస్కులోంచి పాలటీ పోసి తెచ్చింది. "తాగవే," అంది అవదియ్యతో. "నా నోరు మంచిది కాదు. నీకు తెలిసిందే గదా."

సాయంత్రం వెళ్లేటప్పుడు అవదియ్యని ఆపాను. "ఇదిగో, రేపు హాగ్ ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతాడు. ఇంట్లోనే అని చెప్పు. కఫన్ మాట ఎత్తావంటే పని గల్లంతే. ఆయనకి శకునాల పిచ్చి. అర్థమైందా?"

తలూపింది.

గురువారం హాగ్ సబ్రీ చెమట తుడుచుకుంటూ, మెట్లకి శాపనార్థాలు పెడుతూ దిగాడు. పెద్ద సంచీ బల్ల మీద పడేసి, ఒక్కొక్కరికీ చిన్న చొక్కా ముక్కలు ఇచ్చాడు. కుట్టిన చొక్కాని పరీక్షించే పద్ధతి ఒకటుంది ఆయనకి. రెండు బొటనవేళ్లూ కుట్టుకి అటూ ఇటూ పెట్టి, పంతం పట్టినవాడిలా విడదీస్తాడు. బతూల్‌ది నిలబడింది. ఇంకో ఇద్దరివీ నిలబడ్డాయి. ఒకామెది భుజం దగ్గర నోరు తెరిచింది, ఆవిడ ఏడుపు మొహం పెట్టింది.

అవదియ్య ప్రతి కుట్టు చివరా ఆగింది. పెదవులు కదుపుతూ, మీట నొక్కి వెనక్కి కుట్టి, అప్పుడు దారం తెంపింది. హాగ్ చంక లాగాడు, జేబు లాగాడు, కాలర్ లాగాడు. ఒక్క పోగు కదల్లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మాషా అల్లా!" అన్నాడు. "ఇది కొత్త చెయ్యి కాదు. ఎక్కడ పనిచేశావమ్మా ఇంతకు ముందు?"

"ఇంట్లోనే, ఇంట్లోనే," అన్నాను నేను.

"మిమ్మల్ని కాదబ్లా, ఆవిణ్ణి అడిగాను."

అవదియ్య నా వైపు చూసింది. నేను కళ్లతో బతిమాలాను. ఆమె చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. "కఫన్లు కుట్టేదాన్నండీ," అంది.

హాగ్ చేతిలో చొక్కా మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అల్లా వాళ్లందర్నీ కరుణించాలి," అన్నాడు. ఆ మాట మనసులోంచే అన్నాడు. ఆ తర్వాత నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"నన్ను చెడ్డవాణ్ణి చెయ్యకండి అబ్లా. ఇవి పసిపిల్లలు బడికి వేసుకెళ్లే బట్టలు. మా ఆడవాళ్లకి తెలిసిందంటే ఒక్కతి కూడా ఆవిడ పక్కన కూచోదు. రేపు ఎవరి పిల్లాడికి జ్వరమొచ్చినా ఈవిడ చెయ్యే అంటారు."

"మీ అమ్మగారు పోయినప్పుడు కుట్టినావిడకి మీ ఇంట్లో భోజనం పెట్టలేదా?"

"పెట్టాం. ఆవిడ దీవెన కూడా తీసుకున్నాం."

"మరి?"

"అది పుణ్యం. ఇది యూనిఫారం."

ఆ ముక్క విని నాకు ఒళ్లంతా కారం రాసుకున్నట్టైంది. నోటికొచ్చినట్టు తిట్టాను. మీ మిషన్లకి తుప్పు పట్టా అన్నాను, పిరికిపంద అన్నాను. నన్ను చాలా ఏళ్లుగా ఎరిగినవాడు కాబట్టి పడ్డాడు. తిట్లు అయిపోయి నేను రొప్పుతుంటే, కింద గదిలోకి ఒకసారి చూశాడు. రౌదా తల్లి కాళ్ల దగ్గర కూర్చుని ఖాళీ రీళ్లు వరసగా పేరుస్తోంది.

"బొత్తాల పని ఉంది," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంటి దగ్గరే చేసుకోమనండి. సంచీ మీకు పంపిస్తాను, మీ పేరు మీదే వెనక్కి రావాలి. మిషను పనికిచ్చినంత ఇవ్వలేను. ఎవరు కుట్టారో నా షాపులో ఒక్కరికి తెలిసినా అదే ఆఖరు."

అదీ బేరం. మనిషి ఉండదు, మనిషి చెయ్యి మాత్రం కావాలి. ఛీ కొట్టి పంపించేయాలనిపించింది. కానీ మెట్లు కడగాల్సింది నేను కాదు, తాళం వేసుకుపోవాల్సిందీ నేను కాదు. వెళ్లి అవదియ్యకి చెప్పాను.

"ఇంటి దగ్గరేనా?" అంది. "అయితే రౌదా నా పక్కనే ఉంటుంది."

"పేరు నాది ఉంటుందే, నీది కాదు."

"ఉండనివ్వండి."

హాగ్ తనకి కావలసినవాళ్లకి ఆదివారం రమ్మని చెప్పి, బొత్తాలు కుట్టాల్సిన చొక్కాల సంచీ ఒకటి అప్పుడే వదిలి వెళ్లిపోయాడు. బతూల్‌కి పని దొరికింది. రోజంతా జోకులేసే మనిషి, వెళ్తూ వెళ్తూ అవదియ్య భుజం మీద చెయ్యేసి, ఏమీ అనకుండా వెళ్లింది. గదిలో మేం ముగ్గురమే మిగిలాం.

నాకు మళ్లీ కోపమొచ్చింది. "చిన్న అబద్ధం ఆడలేకపోయావా? ఇంట్లో నేర్చుకున్నాను అంటే నీ సొమ్మేం పోయింది? మిషను దొరికేది, నలుగురి మధ్య కూచునేదానివి, పిల్లకి ఆడుకోను తోడుండేది. నిన్న అంత చెప్పి పంపానే!"

"ఆడదామనే వచ్చానబ్లా. రాత్రి వల్లె వేసుకున్నాను కూడా." ఒళ్లో పడ్డ దారపు ముక్కలు ఏరుతూ అంది. "నేను కుట్టినవాటిల్లో ఆఖరుది మా హాతిమ్‌ది. దీనికంటే పెద్దవాడు. అప్పటికి మా అత్త కూడా లేదు. వాడికి నేనొక్కదాన్నే కుట్టుకున్నాను. కఫన్లు కుట్టలేదు అంటే, నా కొడుకు ఒంటిమీద బట్ట లేకుండా పోయినట్టే గదా?"

ఈమెకి ఒక కొడుకుండేవాడని ఇన్ని నెలల్లో నాకు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. రౌదా రీళ్లన్నీ ఒక్క తాపుతో పడగొట్టి కిలకిలా నవ్వింది.

అవదియ్య సంచీ దగ్గరికి జరుపుకుని ఒక చొక్కా తీసింది. నాలుగేళ్లవాడికి సరిపోయే చొక్కా. బొత్తాం దాని చోట ఆనించి, సూది ఎక్కించి ఆగింది.

"చిన్నపిల్లలు బొత్తాలు లాగేస్తుంటారబ్లా. ఒక్క ముడి ఆగుతుందా?"

"ఆగదు," అన్నాను. "రెండు వెయ్యి."